రెండేళ్ల టోక్యో కాపురం: కుటుంబంతో వెళ్లేవారు ఏం చేయాలి, ఎలా చేయాలి

కంపెనీ పని మీద రెండేళ్లకో మూడేళ్లకో జపాన్ వెళ్తున్న ఇంట్లో ప్రయాణం ఖాయమైన రోజు నుంచీ ఒకే మాట వినిపిస్తుంది: "రెండేళ్లే కదా." మంచాలెందుకు, రెండేళ్లే కదా. భాషెందుకు, రెండేళ్లే కదా. మేమూ ఆ మాటే అనుకుని మొదటి నెలంతా సూట్‌కేసు మీద కాగితం పరిచి భోజనాలు చేశాం.

వెళ్లే నలుగురిలో ఉద్యోగానికి వెళ్లేది ఒక్కరే. ఆయనకో ఆమెకో ఒక ఆఫీసు ఉంటుంది, పక్క సీట్లో ఇంగ్లిష్ తెలిసినవారు ఉంటారు, కాగితాలు చూసే విభాగం ఉంటుంది. మిగిలిన ముగ్గురికీ ఉండే ఆఫీసు ఒక్కటే, వార్డు ఆఫీసు. జపనీస్‌లో కుయాకుషో అంటారు. ఇది ముఖ్యంగా ఆ ముగ్గురి కోసం రాస్తున్నాను.

బయలుదేరే ముందు

కంపెనీ అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖలో దరఖాస్తు చేసి అర్హత పత్రం తెప్పిస్తుంది. దానితోనే ఇక్కడ వీసా వస్తుంది. ఆ పత్రం జారీ అయిన తేదీ నుంచి మూడు నెలల్లోపు జపాన్‌లో దిగాలి కాబట్టి, అది వచ్చేలోగా వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టుకుని పేర్లు అక్షరం పొల్లుపోకుండా కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే ఇక్కడే సరిచేయించుకోండి.

ఇంటిపేరు ముందు, పేరు వెనక రాయడం జపాన్ వారికీ అలవాటే. ఆ విషయంలో వారితో మనకు పేచీ లేదు. పేచీ అంతా పేరు పొడవుతోనే. నాలుగు ముక్కల పేరు బ్యాంకు ఫారం గళ్లలో పట్టదు. పైగా దాన్ని విదేశీ పేర్లకు వాడే కటకానా లిపిలో రాయాలి. బ్యాంకులో ఒకలా, ఫోను కంపెనీలో మరోలా, బడిలో ఇంకోలా రాస్తే తర్వాత ఏ రెండూ కలవవు. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ కటకానాలో ఎలా రాయాలో మొదటి రోజే తేల్చుకుని, ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఎక్కడికి వెళ్లినా ఆ చీటీ చూసే రాయండి.

మందుల విషయంలో జాగ్రత్త. డాక్టరు రాసిన మందులు ఒక నెలకు, మామూలుగా దుకాణంలో కొనేవి రెండు నెలలకు సరిపడా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. మనం జలుబుకు తేలిగ్గా మింగేసే కొన్ని మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ పది శాతం దాటితే అక్కడ నిషేధం. అందుకే బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటి రోజువారీ మందులకు చీటీ వెంట ఉంచుకోండి, జలుబు మాత్రల డబ్బా మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పిల్లల టీకాల కార్డు తప్పకుండా చేతి సంచిలో ఉండాలి.

ఆవకాయ, మాగాయ, కరివేపాకు పొడి, కంది పొడి నిశ్చింతగా సర్దుకోండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా అక్కడ పశు తనిఖీ దగ్గర ఆపేస్తారు. చట్టప్రకారం 30 లక్షల యెన్ల దాకా జరిమానా ఉంది. పచ్చి కరివేపాకు, కూరగాయలు, పండ్లు, పెరట్లో వేసుకుందామనుకునే తోటకూర విత్తనాలు కూడా ధ్రువపత్రం లేకుండా దాటవు. అత్తగారు ప్రేమగా దోపిన కరివేపాకు పొట్లం ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో పడుతుంటే చూడటం కష్టంగా ఉంటుంది, ముందే చెప్పేయండి.

ఇల్లు

కంపెనీ ఇల్లు చూపిస్తే సరే. మీరే వెతుక్కోవాల్సి వస్తే, అద్దె ఎంత అన్నదానికంటే ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఎంత కట్టాలి అన్నది ముందు అడగండి. షికికిన్ అంటే అడ్వాన్సు, ఖర్చులు పోగా తిరిగొస్తుంది. రెయికిన్ అంటే ఇంటి యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే డబ్బు, తిరిగిరాదు. దీని మీద మధ్యవర్తి రుసుము, జామీను కంపెనీ రుసుము. అన్నీ కలిపితే నాలుగైదు నెలల అద్దె అవుతుంది. తాత్కాలికంగా ఉండేవారికి యూఆర్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఇళ్లు మేలని నా అభిప్రాయం. వాటికి రెయికిన్ లేదు, మధ్యవర్తి రుసుము లేదు, జామీను అక్కర్లేదు. భవనాలు పాతవే, కానీ గట్టివి.

ఏ పేట? చాలామంది మనవాళ్లు ఎదొగావా వార్డులోని నిషి కసాయి అంటారు. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య కోసం వచ్చిన ఇంజినీర్లు తోజాయ్ రైలు మార్గంలో ఓతెమాచి ఆఫీసులకు దగ్గరని అక్కడ స్థిరపడ్డారు. ఆ తర్వాత దుకాణాలు, హోటళ్లు వచ్చాయి. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉన్న వార్డు అదే. లిఫ్టులో తెలుగు వినపడుతుంది. మొదటిసారి దేశం దాటేవారికి, చిన్నపిల్లలున్నవారికి నేను అక్కడే ఉండమంటాను. కందిపప్పు కోసం గంట రైలు ప్రయాణం చేసే ఓపిక మొదటి శీతాకాలంలో ఎవరికీ ఉండదు.

చేరే తేదీ ఖాయం కాగానే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయించండి. కరెంటు, నీళ్లు మీరు లేకపోయినా వస్తాయి. గ్యాస్ మాత్రం మనిషి వచ్చి, మీ ఎదుటే పరీక్షించి, తెరిచి వెళ్లాలి. మార్చి నెలాఖరులో దేశమంతా ఇళ్లు మారుతుంది కాబట్టి ఆ మనిషి దొరకడం కష్టం. మేము మార్చి 29న దిగి మూడు రోజులు చన్నీళ్ల స్నానం చేశాం.

ఇంట్లో చేరిన వారంలోపు రెండు పక్కల వారినీ, కింది అంతస్తు వారినీ పలకరించి చిన్న కానుక ఇవ్వండి. ఒక తువ్వాలో, బిస్కెట్ల పెట్టెనో చాలు. "చిన్నపిల్లలున్నారు, చప్పుడు చేస్తారు, క్షమించండి" అని ఒక్క మాట నేర్చుకుని చెప్పండి. ఆ తర్వాత మీ వాడు గదిలో గంతులేసినా కింది వారు ఓర్చుకుంటారు. చెప్పకపోతే వారు మీతో ఏమీ అనరు, నేరుగా భవనం నిర్వాహకుడికి ఫిర్యాదు వెళ్తుంది.

మొదటి పద్నాలుగు రోజులు

నారితా లేదా హనేదా విమానాశ్రయంలోనే నివాస కార్డు చేతికిస్తారు. పదహారేళ్లు నిండినవారు దాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఇంట్లో చేరిన 14 రోజుల్లోపు అందరి కార్డులూ, పాస్‌పోర్టులూ, వివాహ, జనన పత్రాలూ పట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేయించండి. జనన, వివాహ పత్రాలకు జపనీస్ అనువాదం కూడా అడుగుతారు. అనువాదం మీరే చేసి సంతకం పెట్టినా చాలాచోట్ల సరిపోతుంది.

ఆ రోజు నమోదుతో ఇంటికి వచ్చేయకండి. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. అదే భవనంలో మరో మూడు కిటికీలు ఉంటాయి.

ఒకటి ఆరోగ్య బీమా. జీతం జపాన్ కంపెనీ నుంచి వస్తుంటే ఆఫీసు బీమాలోనే కుటుంబమంతా చేరుతుంది. లేకపోతే జాతీయ ఆరోగ్య బీమాలో ఇక్కడే చేరాలి. వైద్య ఖర్చులో 30 శాతం మనం కడితే చాలు. పాత పద్ధతి బీమా కార్డులు 2024 డిసెంబరు నుంచి కొత్తగా ఇవ్వడం లేదు. మన ఆధార్ లాంటి మై నంబర్ కార్డు గానీ, దాని బదులు ఇచ్చే బీమా అర్హత పత్రం గానీ ఆసుపత్రిలో చూపాలి.

రెండోది పిల్లల వైద్య కార్డు. బీమా వచ్చాక దీనికి విడిగా దరఖాస్తు పెట్టాలి. టోక్యో 23 వార్డుల్లో ఇది ఉంటే పిల్లల వైద్యానికి మనం ఏమీ కట్టక్కర్లేదు. హైస్కూలు వయసు దాకా వర్తిస్తుంది. మా చిన్నదాని చెవి నొప్పికి మూడుసార్లు వెళ్లి, మందులు తెచ్చుకుని, ఒక్క యెన్ కట్టకుండా బయటికొస్తుంటే ఏదో ఎగ్గొట్టి పారిపోతున్నట్టు అనిపించేది.

మూడోది పిల్లల భత్యం. విదేశీయులకు ఇది రాదని అనుకునేవారే ఎక్కువ. చిరునామా నమోదైన ప్రతి కుటుంబానికీ వస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు నెలకు 15,000 యెన్లు, ఆ పైన హైస్కూలు వయసు దాకా 10,000 యెన్లు, మూడో సంతానం నుంచి 30,000. 2024 అక్టోబరు నుంచి ఆదాయ పరిమితి కూడా తీసేశారు. చేరిన 15 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి, ఆలస్యమైన నెలల డబ్బు వెనక్కి రాదు. మేము ఈ కిటికీ సంగతి ఐదో నెలలో తెలుసుకున్నాం. ఎంత పోయిందో లెక్కేసుకోండి.

పెన్షన్ సంగతి ఉద్యోగం చేసేవారు చూసుకోవాలి. భారత్, జపాన్ మధ్య 2016 అక్టోబరు నుంచి ఒప్పందం అమల్లో ఉంది. భారత కంపెనీ ఉద్యోగిగానే వెళ్తుంటే మన ఈపీఎఫ్ఓ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే అక్కడ పెన్షన్ కట్టక్కర్లేదు. అక్కడ కట్టి ఉంటే, దేశం వదిలిన రెండేళ్లలోపు కొంత తిరిగి కోరవచ్చు.

వంటిల్లు

జపాన్ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడ మూలుగుతుందే తప్ప తిరగదు. వెయ్యి వాట్లకు పైబడిన ట్రాన్స్‌ఫార్మర్ కొంటే తిరుగుతుంది, కానీ అది ఇటుకరాళ్ల బరువు. అమెరికా వారి కోసం మన దగ్గర తయారయ్యే 110 వోల్టుల మిక్సీ తీసుకెళ్లడం తెలివైన పని. కాస్త నెమ్మదిగా తిరిగినా అల్లం పచ్చడి నూరుతుంది. ప్లగ్గు రెండు చదును పుల్లలది, మన మూడు గుండ్రటి పుల్లలది ఎక్కదు. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్లకు చిన్న మార్పిడి ప్లగ్గు చాలు.

ఉదయం ఆరింటికి మిక్సీ వేయకండి. ఎనిమిది దాటాక వేయండి, కింద మడతపెట్టిన తువ్వాలు పరిస్తే చప్పుడు సగం తగ్గుతుంది.

గ్యాస్ పొయ్యి మధ్యలో బటన్ లాంటి గుండ్రటి బుడిపె ఉంటుంది. గిన్నె అడుగు వేడిని అది కనిపెడుతుంది, ఎక్కువైతే మంట తగ్గించేస్తుంది. 2008 నుంచి అమ్మే ఇంటి పొయ్యిలన్నిటికీ ఇది తప్పనిసరి. మన వంటకు దీనితో గొడవే. పోపుకు నూనె కాగే సమయానికి మంట మందగిస్తుంది. మంట మీద నేరుగా వంకాయ కాలుద్దామంటే అసలు సహించదు. రెండు వారాలు దాన్ని తిట్టుకున్నాక పొయ్యి కింది అర తెరిచి చూశాను. చేపలు కాల్చే గ్రిల్లు. శాకాహారులం కదా అని ముట్టలేదు. అందులో వంకాయకు నాలుగు గాట్లు పెట్టి, నూనె రాసి, పావుగంట ఉంచితే తొక్క దానంతటదే ఊడొచ్చింది. మా ఊరి కుంపటి మీద కూడా అంత బాగా కాలలేదు. ఇప్పుడు నేను అందరికీ చెప్పే మొదటి సలహా అది.

అక్కడి బియ్యం జిగురు. దద్దోజనానికి, కట్టెపొంగలికి దివ్యంగా ఉంటుంది, పులిహోరకు పనికిరాదు. సోనా మసూరి నిషి కసాయి దుకాణాల్లో దొరుకుతుంది. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదు. కొతాత్సు అని కింద హీటర్ ఉండే దుప్పటి బల్ల ఉంటుంది, రాత్రి పిండి గిన్నె దాని కింద పెట్టండి, పొద్దుటికి మూత లేపేస్తుంది.

బయట తినే శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోండి. మాంసం లేదంటే లేదనే అర్థం, చేప లేదని కాదు. దాషి అనే చేప రసం పప్పు పులుసులో చింతపండులా అన్నిట్లో ఉంటుంది. "నికు తో సకన వ తబెమసెన్, దాషి మో దమె దెస్" అని చెప్పడం నేర్చుకోండి. మాంసం, చేప తినను, దాషి కూడా వద్దు అని అర్థం.

గారెలు వేసిన నూనె సింకులో పోయకండి. వంద యెన్ల దుకాణంలో నూనెను గడ్డకట్టించే పొడి దొరుకుతుంది. వేడి నూనెలో కలిపి చల్లారనిస్తే జున్నులా గట్టిపడుతుంది. దాన్ని గరిటెతో లేపి, కాగితంలో చుట్టి, కాలే చెత్తలో వేయాలి.

కాలే చెత్త అన్నాను కదా, ఆ పట్టిక వార్డు ఆఫీసే ఇస్తుంది, ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. కాలేది వారానికి రెండుసార్లు, కాలనిది నెలకు రెండుసార్లు, సీసాలు, డబ్బాలు, కాగితం విడిగా. ఉదయం ఎనిమిదిలోపు పెట్టాలి, ముందు రోజు రాత్రి పెడితే కాకులు చింపుతాయి. పట్టికను ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఆ పని పిల్లలకు అప్పగించండి. పెద్దలకంటే వారే ముందు నేర్చుకుంటారు.

బడి

విదేశీ పిల్లలు ప్రభుత్వ బడిలో తప్పక చేరాలన్న నియమం లేదు, కానీ కోరితే చేర్చుకుంటారు. చదువుకు, పుస్తకాలకు డబ్బు లేదు. వార్డు ఆఫీసులోని విద్యా విభాగంలో అడిగితే మీ ఇంటికి దగ్గరి బడి చెబుతారు. ఏప్రిల్‌లో చదువు మొదలవుతుంది. ఏప్రిల్ 1 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లలు ఒకటో తరగతి. మన సీబీఎస్‌ఈ చదువు కొనసాగాలంటే 2004లో మొదలైన ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్, 2006లో వచ్చిన గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ ఉన్నాయి, ఫీజులు బరువే.

ఏది మంచిదని అందరూ అడుగుతారు. మూడో తరగతి లోపు పిల్లలైతే ప్రభుత్వ బడికే పంపండి. ఆరు నెలల్లో భాష వచ్చేస్తుంది, ఇంటికి దుబాసీ దొరుకుతుంది. ఆరో తరగతి దాటినవారిని రెండేళ్ల కోసం కొత్త లిపిలో, కొత్త గణితంలో పడేయడం అన్యాయం, వారికి మన బడే మేలు. మధ్యలోవారి సంగతి పిల్లను బట్టి.

ప్రభుత్వ బడిలో చేరిన రోజే ఒక జాబితా ఇస్తారు. తలుపు లోపల వేసుకునే తెల్ల చెప్పులు, నేల తుడిచే గుడ్డలు, వీపు సంచి, భూకంపం వస్తే తలమీద వేసుకునే మెత్తటి టోపీ. గణితం పెట్టె దగ్గరకొచ్చేసరికి నేను కూలబడ్డాను. అందులో లెక్కపెట్టే పుల్లలు, చిన్న బిళ్లలు, గడియారం, అంకెల కార్డులు ఉంటాయి. ప్రతి పుల్ల మీదా, ప్రతి బిళ్ల మీదా పేరుండాలి. మా పాప పేరు కటకానాలో ఏడక్షరాలు, పుల్ల అగ్గిపుల్లంత. రాత్రి రెండు దాకా కూర్చుని రాశాం. మర్నాడు పక్కింటామె చెప్పింది, చిన్న సైజుల్లో పేరు అచ్చువేసి ఇచ్చే స్టిక్కర్లు అమ్ముతారని. మీరు వాటిని ముందే తెప్పించుకోండి.

మధ్యాహ్న భోజనం అందరికీ ఒకటే. శాకాహారమైతే ముందే మాట్లాడి ఇంటి డబ్బా పంపే అనుమతి తీసుకోండి. ఒకటో తరగతి పిల్లలు కూడా నడిచే వెళ్తారు, మీరు గేటు దాకా దింపడం ఎవరూ మెచ్చరు. మొదటి వారం ఇరవై అడుగుల వెనక నడవండి, ఆ తర్వాత వదిలేయండి. ఎదొగావాలో బడి అయ్యాక పిల్లలు అక్కడే ఆడుకునే సుకుసుకు స్కూల్ ఉంది, అందులో చేర్చండి. భాష వచ్చేది తరగతిలో కాదు, అక్కడే. సాయంత్రం వీధి మైకులో ఒక పాట వస్తుంది. విపత్తు మైకు పని చేస్తోందో లేదో చూసుకోవడానికి రోజూ వేస్తారు, పిల్లలకు మాత్రం అది ఇంటికి వెళ్లే గంట.

భూకంపం, వరద, జ్వరం

ఫోన్లన్నీ ఒక్కసారి వింతగా మోగితే కొన్ని క్షణాల్లో కుదుపు వస్తుందని అర్థం. బల్ల కింద దూరి తల కాపాడుకోవాలి, పరుగెత్తకూడదు. ఆగాక తలుపు తెరిచి ఉంచాలి. కుదుపు తీవ్రత షిందో కొలతలో 5 స్థాయికి చేరితే గ్యాస్ మీటరు దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు గ్యాస్ పోయిందని కంగారుపడవద్దు, మీటరు మీది బటన్ నొక్కి మూడు నిమిషాలు ఆగితే తిరిగొస్తుంది. ఆ బటన్ ఎక్కడుందో గ్యాస్ మనిషి వచ్చిన రోజే చూపించమనండి. బీరువాలను పైకప్పుకు ఆన్చే కడ్డీలతో బిగించండి. రెండేళ్లే కదా అని ఇది వదిలేయకండి.

నిషి కసాయిలో భూకంపంకన్నా నీళ్ల భయం ఎక్కువ. ఎదొగావా వార్డు నేలలో సుమారు 70 శాతం సముద్రం పోటు మట్టం కంటే కింద ఉంటుంది. 2019లో వార్డు అచ్చువేసిన వరద పటం అట్ట మీద "ఇక్కడ ఉండకూడదు" అని వారే రాసుకున్నారు. పెద్ద తుపాను హెచ్చరిక వస్తే మరో వార్డులోని తెలిసినవారింటికి ముందు రోజే వెళ్లగలిగేలా మాట్లాడి పెట్టుకోండి. ఇల్లు తీసుకునేటప్పుడు మూడో అంతస్తుకు పైన చూడండి.

అంబులెన్సుకు, అగ్నిప్రమాదానికి 119, పోలీసుకు 110. రాత్రి పిల్లలకు జ్వరం వచ్చి, ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతే #8000 కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది, జపనీస్‌లో. అందుకే జ్వరం, వాంతి, ఎన్ని డిగ్రీలు, ఎప్పటినుంచి అనే నాలుగు మాటలు ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇంట్లో ఉండేవారు

కుటుంబ వీసా మీద ఉన్నవారు అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పని చేయవచ్చు. పని సంగతి తర్వాత, ముందు భాష మొదలుపెట్టండి. వార్డుల్లో స్వచ్ఛందంగా నేర్పే తరగతులకు రుసుము నామమాత్రం. మనకు ఇది అనుకున్నంత కష్టం కాదు. కటకానా లాంటి లిపులు మన గుణింతాల్లాగే, ఒక్కో గుర్తుకు ఒక అక్షరం. వాక్యం మన వాక్యమే: నేను, అన్నం, తిన్నాను అన్న వరుసలోనే మాట్లాడతారు. ఇంగ్లిష్ నేర్చుకున్నప్పుడు పడ్డ తిప్పలు ఇక్కడ లేవు.

తిరుగు ప్రయాణం

కాలం మూడున్నర గంటల తేడా. జపాన్‌లో రాత్రి తొమ్మిదికి ఇంటికి ఫోన్ చేస్తే మన దగ్గర సాయంత్రం ఐదున్నర. రెండేళ్లూ అలా గడిచి, వెళ్లే తేదీ వచ్చేసరికి రెండు నెలలు ముందుగా మొదలుపెట్టండి. మంచం, సోఫా లాంటి పెద్ద చెత్తకు ఫోన్ చేసి తేదీ తీసుకుని, రుసుము స్టిక్కరు కొని అంటించాలి. తేదీ దొరకడానికి వారాలు పట్టవచ్చు. వార్డు ఆఫీసులో దేశం వదులుతున్నట్టు రాసివ్వండి. జనవరి 1న జపాన్‌లో ఉన్నవారికి ఆ ఏడు నివాస పన్ను పడుతుంది, బిల్లు జూన్‌లో వస్తుంది. మీ తరఫున కట్టే మనిషిని ముందే నమోదు చేయించండి. పిల్లలకు బడి నుంచి చదువు ధ్రువపత్రం తీసుకోండి, ఇక్కడి బడిలో అడుగుతారు. విమానాశ్రయంలో నివాస కార్డుకు చిల్లు పొడిచి తిరిగిస్తారు, దాన్ని పిల్లలు దాచుకుంటారు.

గిన్నెలు, దుప్పట్లు, కొతాత్సు ఎవరికైనా ఇచ్చేయండి. ఎవరైనా ట్రాన్స్‌ఫార్మర్ కొని ఉంటే దాన్ని మోసుకురావద్దు. మిక్సీ మూలుగుతోందని, ఏం చేయాలో తోచక చూస్తున్న కొత్త కుటుంబం అదే భవనంలో ఏదో ఒక అంతస్తులో ఉంటుంది. లిఫ్టులో తెలుగు వినపడగానే అడగండి.